కథ అయిపోయిన మర్నాడు

ఆమధ్య ఒక ప్రచురణకర్త ఫోన్ చేశారు. మా తరం పిల్లలంతా ఉపవాచకంలో చదువుకున్న తాటిదోనె కథకి ఈ కాలానికి తగ్గట్టు రెండో భాగం రాసిపెట్టమన్నారు. అందులో కంప్యూటరూ సెల్‌ఫోనూ పెడితే పిల్లలు ఎగబడి కొంటారట. నాకు ఒళ్లు మండింది. దానికి రెండో భాగం ఎప్పుడో వచ్చేసిందండీ అన్నాను. ఎవరు రాశారని ఆయన ఆత్రంగా అడిగారు. రాయలేదు, మా అక్క చెప్పింది అని ఫోన్ పెట్టేశాను.

తాటిదోనె కథ తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెబుతాను. తుఫానులో కొట్టుకుపోయిన తండ్రిని వెతుక్కుంటూ ఒక పిల్ల తాటిదోనెలో సముద్రం మీదికి పోతుంది. దీవులన్నీ గాలించి, ఉప్పురాజుని ముప్పుతిప్పలు పెట్టి, తండ్రిని ఒడ్డుకి తెస్తుంది. అక్కడితో పుస్తకం అయిపోతుంది. మా బడిలో ఆ కథ అప్పజెప్పలేని పిల్ల లేదు.

తొంభైల చివర్లో, అక్క ఏడో తరగతికి వచ్చిన ఏడు, మా నాన్న దాన్ని బడి మాన్పించి విత్తనాల పత్తిచేలో పెట్టాడు. మేం కౌలుకి చేసే పొలం కూడా ఆ చేను ఆసామిదే. ఆయన పిల్లని పంపమంటే కాదనే నోరు మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ పనిని క్రాసింగు అనేవాళ్లు. మర్నాడు విచ్చబోయే మొగ్గల్ని సాయంత్రమే పట్టుకుని, బొటనవేలి గోటితో రేకులూ పుప్పొడీ గిల్లేసి, నడిమి పుల్ల ఒక్కటీ మిగల్చాలి. పొద్దున్నే వేరే రకం పువ్వు తెచ్చి దాని పుప్పొడి ఈ పుల్లకి అద్దాలి. పెద్దవాళ్ల వేళ్లు మొద్దు, నడుములు వంగవు. అందుకని ఆసాములందరికీ ఆడపిల్లలే కావాలి. మా మీద ఎంత అభిమానమో! ఆదివారాలూ సెలవులూ వస్తే నేనూ పోయేదాన్ని.

ఒకరోజు సాలులో ఎవరో, తాటిదోనె పిల్ల నాన్నని తెచ్చాక ఏమైందే అన్నారు. అక్క తలెత్తకుండానే మొదలుపెట్టింది. ఈసారి ఆ పిల్ల దోనె దిగింది మన కొత్తపట్నంలో. ఒంగోలు బస్సెక్కి టిక్కెట్టుకి ముత్యమిస్తే, కండక్టరు చిల్లర లేదని టిక్కెట్టు వెనక రాసిచ్చాడు. గుంటూరు మిర్చి యార్డులో దొంగలు తరిమితే మిరపకాయల టిక్కీ బస్తాల మధ్య దూరింది, వాళ్లకి తుమ్ములు ఆగక పోలీసులకి దొరికిపోయారు. మంగళగిరి మగ్గాల మీద తెరచాప నేయించుకుంది. ఎస్టీడీ బూత్ నుంచి ఉప్పురాజుకి ఫోన్ చేసి, లైను కలవగానే కరెంటు పోతే, వాడు భయపడి పెట్టేశాడనుకుంది. నవ్వలేక చచ్చేవాళ్లం.

ఇందులో ఇంకో సంగతుంది. కథ వినాలంటే అక్క పక్కనే ఉండాలి. అక్క పక్కనే ఉండాలంటే అక్క ఎంత జోరుగా గిల్లితే అంత జోరుగా గిల్లాలి. వెనకబడితే కథ పోతుంది. నీళ్లకని లేచే పిల్ల కూడా లేకుండా పోయింది. ఆసామి ఊరికే ఉంటాడా? అక్కని తెచ్చి నడిమి సాలులో నిలబెట్టాడు.

రెండో ఏడు క్రాసింగు మొదలయ్యాక, మా పెద్ద టీచరు దారిలో అక్కని ఆపారు. దసరా సెలవులయ్యాక బడి తెరిచే రోజుకి వస్తే ఏడో తరగతిలో కూర్చోబెడతానన్నారు. దాటిపోతే పబ్లిక్ పరీక్షకి పేరు పంపడం తనవల్ల కాదన్నారు. అక్క ఆ రాత్రి నాన్నని అడిగింది. ఆసామి ఒప్పుకుంటే నాకేం అన్నాడు నాన్న. మర్నాడు చేలో ఆసామినే అడిగింది.

ఆయన నవ్వాడు. "నీ కథ కోసమే గదమ్మాయ్ వీళ్లంతా వచ్చేది! నువ్వు పోతే ఒక్కతన్నా వస్తదా?"

తిట్టలేదు, మెచ్చుకున్నాడు. ఆ మాటే అక్క గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చి నాకు జడేస్తూ చెవిలో చెప్పింది.

"కథ అయిపోతే పిల్లలు రారు. పిల్లలే రాకపోతే ఇంక నాతో ఏం పనే ఆయనకి? నేనొక్కదాన్నే ఎన్ని గిల్లుతా?"

నాకు అది తిరుగులేని ఉపాయంగా తోచింది. ఉప్పురాజుని అన్ని తిప్పలు పెట్టిన బుర్ర గదా!

దసరా సెలవుల్లో ఆఖరి రోజున అక్క కథ ముగించింది. ఆ పిల్ల దోనెని తండ్రికి అప్పజెప్పి, కాళ్లు కడుక్కుని, తిన్నగా బళ్లోకి పోయింది. టీచరు, ఇన్నాళ్లూ ఎక్కడున్నావే అంది. సముద్రం మీదున్నానండీ అంది. సరే, కూర్చో అంది టీచరు. కూర్చుంది.

"తర్వాత?" అంది మా అందరిలోకీ చిన్నది.

"తర్వాతేం లేదు. అయిపోయింది."

"ఇదేం కథే, ఒక్క ఫైటింగూ లేదు!" అని ఇంకోతి విసుక్కుంది. చిన్నది మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క దాన్ని దగ్గరికి తీసుకుంది గానీ, తన మొహంలో సంతోషం దాగలేదు. ఇంటికొచ్చి పాత యూనిఫారం పావడా మడత విప్పి కిందికి దించి కుట్టుకుంది. అయినా పొట్టిగానే ఉంది.

మర్నాడు తెల్లారగానే తలంటుకుని, రెండు జడలేసుకుని, నా పక్కనే గుమ్మంలో నిలబడింది. రోజూ పిల్లల్ని చేలోకి తీసుకుపోయే ట్రాక్టరు శబ్దం మామూలు వేళకే వినిపించింది. ఖాళీ ట్రక్కు వస్తుందని మేమిద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని చూస్తున్నాం. ట్రక్కు నిండా పిల్లలున్నారు. అన్నం క్యారియర్లు ఒళ్లో పెట్టుకుని, రోజూ కూర్చునే చోట్లలోనే కూర్చున్నారు. ఒక్కతి కూడా తగ్గలేదు.

అక్క నా చెయ్యి వదిలేసి ట్రక్కు దగ్గరికి పోయింది.

"కథ అయిపోయిందని చెప్పాను గదే. ఎందుకొచ్చావు?" అని ఆ చిన్నదాన్ని అడిగింది.

ఆ ప్రశ్న దానికి అర్థం కాలేదు. "మా అమ్మ పొమ్మందక్కా," అంది.

అక్క మిగతా పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూసింది. వాళ్లెవరూ ఎన్నడూ కథ కోసం రాలేదు. ఆసామి ఊరికే నవ్వుతూ అన్న మాటని మేం నమ్ముకున్నాం. వెనకనుంచి నాన్న అక్క మొహం చూడకుండా, "ఎక్కమ్మా, పొద్దెక్కుతోంది," అన్నాడు.

చిన్నది పక్కకి జరిగి చోటిచ్చింది. అక్క యూనిఫారంతోనే ట్రక్కెక్కింది. నేను బడికి పోయాను.