పక్క సీటులో కుర్చీ

నా నోట్లో పైవరుస పళ్ళు ఆవిడ చేసినవే. కాబట్టి ఆవిడ గురించి మంచి చెప్పినా చెడు చెప్పినా ఆవిడ పళ్ళతోనే చెప్పాలి. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే నాకు మొహమాటం తీరిపోతుంది.

మా వీధిలో అందరూ ఆవిడను పళ్ళావిడ అంటారు. పళ్ళ డాక్టర్లు మనుషుల నోళ్ళ అచ్చులు తీసి పంపిస్తే, వాటిని బట్టి కట్టుడు పళ్ళు చేయడం ఆవిడ పని. ఇంటి ముందుగదే పనిచోటు. కిటికీ కింద పొడవాటి బల్ల, దాని మీద స్పిరిటు దీపం, మైనం ముక్కలు, నోళ్ళు తెరుచుకుని వరసగా కూర్చున్న తెల్లటి ప్లాస్టరు అచ్చులు. పదమూడేళ్ళ కిందట ఒక మేడ మెట్ల మీద పళ్ళ పెట్టె పట్టుకుని దిగుతూ జారిపడింది. వెన్ను విరిగింది, పళ్ళు విరగలేదు. ఈ మాట ఆవిడే చెప్పి ఆవిడే నవ్వుతుంది. వినేవాళ్ళం నవ్వాలో మానాలో తెలియక చస్తాం. అప్పటినుంచి చక్రాల కుర్చీయే కాళ్ళు. బల్ల కాళ్ళు నాలుగంగుళాలు కోయించుకుని మళ్ళీ పనిలో పడింది.

వాళ్ళాయన బస్సు డ్రైవరు. ఊరి మధ్య నుంచి సముద్రం దాకా వెళ్ళే బస్సు ఆయనది. ఇరవై ఏళ్ళుగా అదే దారి. మనిషి మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయేమో అన్నట్టుంటాడు. డ్యూటీ దిగి రాగానే చొక్కా అయినా మార్చకుండా ఆవిడ కుర్చీ వెనక నిలబడి, బజారుకో పార్కుకో తోసుకుంటూ వెళతాడు. పిల్లల్లేరు.

నేను వాళ్ళ ఎదురుగా ఉన్న షెడ్డులో కార్లు బాగుచేస్తాను. కోపిష్టినని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున పళ్ళావిడ షెడ్డులోకి వచ్చి నా చేతిలో ఒక బొమ్మ పెట్టింది. పాత క్యాలెండరులోంచి కత్తిరించిన కాగితం, మడతల దగ్గర చిరిగిపోయింది. ఎర్రటి స్పోర్ట్స్ కారు. పద్నాలుగో ఏట కత్తిరించి దాచుకుందట.

"అన్నా, ఇలాంటిదే ఒకటి అమ్మకానికొచ్చింది. పాతదే. కొంటున్నాను. చేతులతో నడిచేలా మీరు మార్చిపెట్టాలి."

"అమ్మా, బుద్ధుండే మాట్లాడుతున్నావా? ఇది నేలకు జానెడెత్తు లేదు. ఇంజను వెనకుంది. పైకప్పు గుడ్డది. ఉన్నవే రెండు సీట్లు."

"మేమూ ఇద్దరమేగా," అంది.

సాయంత్రం డ్రైవరుగారు వచ్చాడు. వాలు పలక ఉన్న వ్యాను తీసుకుంటే కుర్చీతో సహా వెనక ఎక్కేయవచ్చని, తానే నడుపుతానని, ఈ మాట నేనైనా ఆవిడ చెవిన వేయాలని అడిగాడు. వేశాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు కూర్చుంది. పదిహేను రోజుల్లో ఎర్రకారు నా షెడ్డులో ఉంది.

పళ్ళు చేసేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ముందు మైనంలో పళ్ళు గుచ్చి మనిషి నోట్లో పెట్టి చూస్తారు. నమలమంటారు, నవ్వమంటారు, పేరు చెప్పమంటారు. అన్నీ కుదిరాకే మైనం తీసేసి గులాబిరంగు చిగురు పోస్తారు. "మైనంలో తప్పు దొరికితే వేలితో దిద్దుకోవచ్చు, గట్టిపడ్డాక దొరికితే సుత్తే గతి," అంటుంది ఆవిడ. కారుకూ అదే పద్ధతి పెట్టింది. ఎడంచేతి కింద ఒక కడ్డీ పెట్టాను. ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. ఆ కడ్డీ పిడికి ఆవిడ తన అరచేతి అచ్చు తానే తీసుకుని, చిగుళ్ళు పోసే సరుకుతోనే పిడి పోసింది. అంత అందమైన ఎర్రకారులో చిగుళ్ళరంగు పిడి! చూసినవాళ్ళు నోరు తడుముకునేవారు.

మూడు నెలలు ట్రయల్సు నడిచాయి. కుర్చీలోంచి సీటులోకి ఒక నున్నటి చెక్క పలక వేసుకుని జారేది. దిగడం సులువు, మళ్ళీ కుర్చీలోకి ఎక్కడమే గండం. దానికి పైన పట్టుకునే పట్టీ బిగించాను. కడ్డీ దూరం, అద్దాల వాలు, తలుపు ఎంత తెరుచుకోవాలి, అన్నీ వెంట్రుకవాసిలో కొలిచాం. ఆవిడ సీటులోకి జారగానే నేను ప్రతిసారీ ఒకటే అరుపు అరిచేవాణ్ణి: "ఆ కుర్చీ అవతల పెట్టండి, దారికి అడ్డం!" పాపం డ్రైవరుగారు కుర్చీని గోడవారకు తోసేసేవాడు. ఇది గుర్తుపెట్టుకోండి.

మొదటిరోజు వీధంతా బయటికొచ్చింది. డ్రైవరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయ్యాడు. ఆవిడ జారి కూర్చుంది, నేను అలవాటుగా అరిచాను, ఆయన అలవాటుగా కుర్చీని గోడవారకు తోశాడు. చుట్టూ తిరిగొచ్చి పక్క సీటు తలుపు తెరిచాడు. ఒక కాలు లోపల పెట్టి, అలాగే ఆగిపోయి, గోడ వైపు చూశాడు.

ఆయన చూపుతోపాటు నేనూ చూశాను. కుర్చీ గోడకు ఆనుకుని ఉంది. ఓరి నాయనో అనుకున్నాను. మూడు నెలలు వెంట్రుకలు కొలిచిన మేము కుర్చీ ఎక్కడ పెట్టాలో ఒక్కసారీ అనుకోలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టయింది.

సీట్ల వెనక అరచేయి పట్టేంత సందు లేదు. కారు ముందువైపు సామాన్ల డబ్బాలో ఒక చక్రం పట్టింది, రెండోది పట్టలేదు. కుర్చీని మడిచి డ్రైవరుగారి ఒళ్ళో పెట్టి చూశాం. పిడి గడ్డానికి గుచ్చుకుంది, తలుపు మూతపడలేదు. వీధివాళ్ళు తలా ఒక సలహా పారేశారు. నా తలప్రాణం తోకకొచ్చింది.

"కుర్చీ ఇక్కడే వదిలేసి ఒక చుట్టు తిరిగి రండమ్మా, నేను చూసుకుంటాను," అన్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కారణం నాకూ తెలుసు. పడిపోయిన ఏడాదే ఒక రైల్వేస్టేషన్లో ఆవిడను బల్ల మీద కూర్చోబెట్టి, కుర్చీని పొరపాటున వేరే రైలులో ఎక్కించేశారు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేవేళ దాకా ఆ బల్ల మీదే ఉండిపోయింది. దాహం వేసినా నీళ్ళు తాగలేదట. తాగితే ఆ తర్వాత సంగతేమిటని. ఇక కుర్చీ లేకుండా గుమ్మం దాటనని ఆరోజే ఒట్టు పెట్టుకుంది.

డ్రైవరుగారు చావుకబురు చల్లగా చెప్పాడు. "నువ్వు వెళ్ళిరా. నేను తర్వాతెప్పుడైనా వస్తాలే."

కుర్చీని మడిచి పక్క సీటులో పెట్టి, దానికి బెల్టు బిగించి, మెల్లగా తలుపు వేశాడు. కారు వీధి మలుపు తిరిగింది. ఇస్త్రీ చొక్కాతో ఆయన అక్కడే నిలబడ్డాడు. నాకు నా నోరు కోసేసుకోవాలనిపించింది.

తర్వాత ఎనిమిది నెలలు అదే తంతు. ఆవిడ ఒక్కతే పళ్ళ పెట్టెలు డాక్టర్లకు చేరవేసేది. బాగా నడిపేది. నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువ వేగంగానే నడిపేది. జుట్టు రేగిపోయి, బుగ్గలు ఎర్రబడి, పద్నాలుగేళ్ళ పిల్లలాగా తిరిగొచ్చేది. ఎక్కడికైనా ఇద్దరూ వెళ్ళాల్సివస్తే ఆవిడ కారులో, ఆయన వెనక బస్సులో. "మొగుడు బస్సులో, కుర్చీ కారులో," అని వీధిలో నవ్వుకునేవారు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుందని ఇంకొకరు. కారు వెనక కుర్చీ పట్టేలా నేను ఒక ఇనప చట్రం చేసి బిగించాను. రెండో మలుపులోనే కుర్చీ ఊడి రోడ్డు మీద పల్టీ కొట్టింది. ఆవిడ మొహంలో ప్రేతకళ. చట్రం ఆరోజే పీకేశాను.

ఒకసారి విసుగొచ్చి అడిగేశాను. "ఆయన చెప్పినట్టు వ్యాను కొంటే ఈ పీడ ఉండేదా చెప్పమ్మా?"

అచ్చులో మైనం గీకుతూ తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "వ్యానులో అయితే నేను వెనక, ఆయన ముందు. ఆయన వీపు చూస్తూ వెళ్ళాలి. రోడ్డు మీద ఆయన వెనక, నేను ముందు. ఆయన నా తల చూస్తూ నడవాలి. పదకొండేళ్ళుగా దారిపొడుగునా మాట్లాడుకుంటూనే ఉన్నాం అన్నా. నేనేదైనా అంటే ఆయన నవ్వాడో, మొహం చిట్లించాడో ఒక్కసారీ తెలియలేదు. ఆ కారులో రెండు సీట్లు పక్కపక్కనే ఉంటాయి. బొమ్మ ఎప్పట్నుంచో ఉంది గానీ, కొనాలన్న పంతం దానికే వచ్చింది."

నేను షెడ్డుకొచ్చి, మంచి బోల్టు ఒకటి విరగ్గొట్టాను.

ఆ మాట డ్రైవరుగారికి చేరవేసింది నేనే. మూడోరోజు ఆయన ఒక ఉపాయంతో వచ్చాడు. బస్సు డ్రైవర్లలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి అన్నం డబ్బా అయినా, మరిచిపోయిన గొడుగైనా, తాళంచెవైనా డ్రైవరు చేతినుంచి డ్రైవరు చేతికి మారుతూ చివరి స్టాపు దాకా చేరుతుంది. ఇరవై ఏళ్ళలో ఒక్కటీ పోలేదు. "కుర్చీని బస్సులో పంపిద్దాం. నేను కారులో వస్తాను," అన్నాడు ఆవిడతో.

అయిదోరోజు ఆవిడ ఒక పాత ప్లాస్టరు అచ్చు, కాగితంలో చుట్టి ఆయన చేతికిచ్చింది. అదీ మైనం ట్రయలే. అచ్చు బస్సెక్కి సముద్రం దాకా వెళ్ళి, సాయంత్రానికి తిరిగొచ్చింది. దీపం దగ్గర తిప్పి తిప్పి చూసింది. ఒక్క పన్ను అంచు కూడా రాలలేదు.

"సరే. కానీ కుర్చీతో అన్న వెళ్ళాలి," అంది.

అలా నేను కుర్చీకి కాపలా అయ్యాను. ఆదివారం షెడ్డు మూసి, మడిచిన కుర్చీని పట్టుకుని బస్సులో కూర్చున్నాను. మావాళ్ళ ఎర్రకారు వీధి చివర మమ్మల్ని దాటి వెళ్ళింది. పక్క సీటులో డ్రైవరుగారు అదే ఇస్త్రీ చొక్కాలో, స్టీరింగు లేని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం రాయిలా బిగుసుకుని ఉంది. కారు దాటుతూ ఉండగా ఆవిడ కళ్ళు మా బస్సు మీదే ఉన్నాయి, అందులో కుర్చీ మీద.

సగం దారిలో బస్సు టైరు పేలింది. ఎవరి కర్మ అనాలి? ఆ బస్సు నడిపే కుర్రాడు పాత టైరు ఊడదీసే తీరు చూసి తట్టుకోలేక, నానా తిట్లూ తిట్టి, నేనే దిగి మార్చాను. అయినా చివరి స్టాపు చేరేసరికి గంటంబావు ఆలస్యం. ఆ గంటంబావూ నాకు ఆ రైల్వేస్టేషన్ బల్లే కనబడింది. కుర్చీ విప్పి, ఖాళీ కుర్చీని తోసుకుంటూ ఒడ్డు వెంట పరిగెత్తాను. దారిన పోయేవాళ్ళు నా వెనక్కి తొంగి చూస్తున్నారు, మనిషెక్కడ పడిపోయాడా అని.

కారు సముద్రానికి ఎదురుగా ఆగి ఉంది. సముద్రాన్ని ఎవరూ చూడటంలేదు. ఇద్దరూ ఒకరివైపు ఒకరు తిరిగి కూర్చున్నారు. ఆవిడ పగలబడి నవ్వుతోంది. నేను రొప్పుతూ అద్దం తట్టాను. అద్దం నాలుగు వేళ్ళు కిందికి దిగింది.

"తల్లీ, టైరు పేలిందమ్మా, భయపడ్డావా..."

"అన్నా, మీకు తెలుసా? ఈయన ఖాళీగా కూర్చుంటే బస్టాపుల పేర్లన్నీ లోపల్లోపల చెప్పుకుంటారు. పెదాలు కదులుతాయి. దారంతా అదే పని. ఎప్పట్నుంచీ అని అడిగితే, నన్ను తోసేటప్పుడు కూడా అంతేనట. పదకొండేళ్ళట!"

డ్రైవరుగారు సిగ్గుతో కందగడ్డయ్యాడు. ఆవిడ ఆ మొహాన్ని కళ్ళారా చూసి, తీరిగ్గా నావైపు తిరిగింది.

"ఆ కుర్చీ కాస్త అవతల పెట్టండి అన్నా. దారికి అడ్డం."

అద్దం మూసుకుంది. నాకు కోపం రావాలి. రాలేదు. కుర్చీని పదడుగులు అవతలకు తోసి, బ్రేకు వేసి, అందులో నేనే కూర్చున్నాను. వాళ్ళు పిలిచేదాకా అలల్ని లెక్కపెట్టుకున్నాను.