ఒక్క ముంత అంబలి

నల్లగొండ ఇరుకు గల్లీల్లో ఈదమ్మ వస్తున్నదంటే ముందు కుండ కనిపించేది, తర్వాత ఆమె. నెత్తిన జొన్న అంబలి, చంకలో బైబిలు, నడుముకు గరిటె. ముంచి బాప్తిస్మమిచ్చే మిషను పిండి ఇస్తే, నీళ్లు చల్లి ఇచ్చే మిషను కట్టెలు ఇచ్చేది. ఆ రెండు మిషన్ల అయ్యగార్లు మాత్రం ఒక చాప మీద కూర్చునేవారు కారు. ఈదమ్మ ఎవరినీ మతం అడగదు. తానొక గుటక తాగి, ఉప్పు చూసి, పెదవులు చప్పరించి అందరికీ పోస్తుంది.

రజాకార్లు వస్తున్నారంటే ప్రార్థన గుడిసె గంట కొట్టి జనాన్ని దాక్కోమన్నది ఆమే. పోలీసు యాక్షన్ అయిన వారానికి, భయం తీరిందన్న సంబరంలో, అంబలికి పిలుద్దామని అదే గంట కొట్టింది. క్షణంలో గల్లీ ఖాళీ అయింది. తన తప్పు తెలిసి నవ్వుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. పొరుగున పుల్లమ్మ ఇంట్లో ఖాళీ గాదె మూత తాను తీస్తే, లోపల మోకాళ్లు ముడుచుకొని అయ్యగార్లిద్దరూ ఉన్నారు.

"ఎవరూ రాలేదు, జర బయటికి రాండ్రి."

వాళ్లు గడ్డాలకంటిన జొన్నపొట్టు దులుపుకుంటూ వచ్చారు. ఈదమ్మ ఒక్క ముంతలో అంబలి పోసి ఇద్దరి నడుమ పెట్టింది.

"ఇంకో ముంత లేదా అమ్మా?" అన్నారు ఒకాయన.

"ఒక్క గాదెల ఇమిడిన్రు గద అయ్యగారూ, ఒక్క ముంతకాడ ఇమడరా?"