తాడు తడిమిన వేళ్లు

పోయిన వారం మా ల్యాబులో మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె బొగ్గుబావి లిఫ్టు నమూనాను తిప్పబోయే ముందు, దాని నైలాన్ తాడును రెండు వేళ్ల మధ్య పెట్టి ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమి చూసింది. మాన్యువల్‌లో ఎక్కడా అలా లేదు. ఎందుకు చూశావని అడిగాను. "సీనియర్లు గట్లనే చేసిన్రు మేడం," అంది. ఆ సీనియర్లకు ఎవరు నేర్పారో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

కరీంనగర్‌లో మెకానికల్ పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో బోర్డు మీద నేను గేరు గీస్తే పొద్దుతిరుగుడు పువ్వులా వచ్చేది. పిల్లలు ఆవులించేవారు. ఇక నావల్ల కాదని, మీరే చేసి తిప్పి చూపించండని వాళ్లకే వదిలేశాను. దాంతో ల్యాబు కాస్తా వడ్రంగి కొట్టయింది. ఎటు చూసినా రంపపు పొట్టు, బంక వాసన. ఆ ఏడు శ్రీరాంపూర్ నుంచి వచ్చిన ఒకమ్మాయి పాత పెట్టెల చెక్కతో బొగ్గుబావి కట్టింది. ఒక చక్రం, దానికి రెండు చిన్న పంజరాలు. ఒకటి దిగుతుంటే ఇంకొకటి పైకొస్తుంది. గనిలో పనిచేసే వాళ్ల నాన్న, ఆమె మాటల్లో బాపు, రోజూ దిగేది అలాంటి దాంట్లోనే. ఇదే ఎందుకు ఎంచుకున్నావంటే, "బాపు బాయిల దిగితె, మళ్ల ఇంటికొచ్చేదాంక అవ్వ బువ్వ ముట్టది మేడం. ఎట్ల దిగుతడో చూస్తెనన్న తింటదేమో," అంది. అవ్వ అంటే వాళ్లమ్మ. తాడు తెగితే పక్క చెక్కలను పట్టుకునేలా స్ప్రింగు కొక్కేలు కూడా తనే ఆలోచించి పెట్టింది. అవి ఒకసారి పట్టేవి, ఇంకోసారి పంజరం దబ్బున కిందపడేది. ఆ స్ప్రింగు సంగతేమిటో తేల్చుకోవాలన్న ఆత్రంలో నేను కూడా మధ్యాహ్నం బాక్సు తెరవడం మరిచిపోయేదాన్ని.

కాలేజీలో నమూనాల ప్రదర్శన రోజు వాళ్ల అవ్వ బస్సులో వచ్చింది. ఆ పూట బాపు డ్యూటీలో ఉన్నాడు. ఆమె నమూనా చుట్టూ తిరిగి, వంగి చూసి, తాడు తెంపి చూపించమంది. అమ్మాయి నా వైపు చూసింది. సరేనని తలూపాను. చివరికి కత్తెర పెట్టింది. కొక్కేలు టక్కున పట్టుకున్నాయి. అందరం చప్పట్లు కొట్టాం, ఆమె తప్ప.

"మీ బాపు దిగే దాంట్ల గీ కొక్కేలున్నయా?"

ఉన్నాయమ్మా అనబోయాను. అమ్మాయి నాకంటే ముందే నోరు విప్పింది.

"లేవవ్వా, గివి నేను పెట్టినయి. గక్కడ దినాం ఒకాయన తాడంత చూస్తడు, చేతితోని తడుముతడు. మంచిగున్నదంటెనే మనుషుల్ని దింపుతరు."

తల్లి తెగిన తాడును తనే ముడివేసి, వేళ్ల మధ్య నుంచి నెమ్మదిగా లాగుతూ చివరిదాకా తడిమింది.

"ఇగ దింపు బిడ్డా," అంది.

పంజరం మెల్లగా దిగి అడుగును తాకింది. ఆ మధ్యాహ్నం, బాపు ఇంకా గనిలో ఉండగానే, ఆమె మా క్యాంటీన్‌లో కూర్చుని అన్నం తింది. ఎదురుగా కూతురు తన కంచం సంగతే మరిచిపోయి చూస్తుండిపోయింది.

ఆ మరుసటి రోజు నుంచి తాడు తడమకుండా చక్రం తిప్పనిచ్చేది కాదు ఆ అమ్మాయి. ఆమెను చూసి ఆ తర్వాతి బ్యాచ్ నేర్చుకుంది. ఆ బాపు క్షేమంగా రిటైరయ్యాడు. నమూనా తాడు ఎన్నిసార్లు మార్చామో గుర్తు లేదు. ఆ తల్లి ఎవరో ఇప్పుడు ల్యాబులో ఎవరికీ తెలియదు. కాలం ఆమె భయాన్ని అరగదీసి, జాగ్రత్తను మాత్రం ఈ పిల్లల వేళ్లలో వదిలివెళ్లింది.