పేలని తూటాకు గడి లేదు

ఆదివారం పొద్దున, జనగామ. ఇడ్లీలు చల్లారిపోతుంటే మనవరాలు ఫోన్లో గనుల ఆట ఆడుతూ, ఏ పేలుడు మందు లాభమో నాకు పాఠం చెప్పింది. అందుకే ఇది రాస్తున్నాను.

"అమ్మమ్మా, గీ ఎర్రది అగ్గువ, గట్టిగ పేలుతది. నీలంది దండుగ!"

తెర మీద ఒక పట్టిక: ధర, బలం, ఒకదాన్ని మరోదానితో భాగిస్తే వచ్చిన అంకె. దీన్ని లెక్క అంటారట! ఆ ఆటలో మనిషి చచ్చినా మళ్ళీ లేస్తాడు. ఇక ఏ మందైనా చవకే.

మరిపెడ దగ్గర మా ఊళ్ళో బావి తవ్వుతూ, అడ్డొచ్చిన బండను పగలగొట్టడానికి మందు తూటాలు పెట్టేవారు. నా ఈడు వాళ్ళకు గుర్తుండాలి. పేల్చే ముందు వేసే ఈల వినగానే ఉట్టి మీది కుండలు దించి, మమ్మల్ని మంచాల కిందికి తోసేవారు. మందు ఘాటు ఇల్లంతా కమ్మేది. నాయనమ్మ మాత్రం గడపలో కూర్చుని చప్పుళ్ళు లెక్కపెట్టేది.

ఒకసారి ఏడు పెడితే ఆరే వినిపించాయి. బాపు బావిలోకి దిగబోయాడు.

"ఏడోది పేలలేదురా!"

"రెండు ఒక్కపారే పేలినయేమో అవ్వా. జర నీళ్ళు చూసొస్త."

"ఏమో అనుకుంట బావిల దిగుతవా? నీళ్ళు యాడికి పోతయి, నీ అత్తగారింటికా?"

నాయనమ్మ బావిలోకి దిగే మోకు లాక్కుని దాని మీదే కూర్చుంది. మర్నాడు తూటాల మనిషి వచ్చి చూస్తే, ఏడోది బండలో అలాగే ఉంది.

ఇక జరగవలసినవి:

1. ముందు ఇడ్లీ, తర్వాతే ఫోన్.
2. ఆ పట్టికలో పేలనివాటికి ఒక గడి గీయాలి.
3. ఆ గడి నిండేదాకా నా ముందు 'అగ్గువ' అనకూడదు.