నా పెండ్లి ఔట్ల పంచనామా

మా బాపు ఊరికి పోలీస్ పటేల్. పోలీస్ అన్నది పేరుకే. తుపాకీ లేదు, టోపీ లేదు. ఒక చేతికర్ర, ఒక కావలికారు, తాతల నాటి నుంచి వచ్చిన పెత్తనం, అంతే. ఊళ్లో ఎవరు చచ్చినా, ఎవరు తన్నుకున్నా, ఎవరి మేక ఎవరి చేన్లో పడ్డా తాలూకాకు రాసి పంపడం ఆయన పని. రాసేదాన్ని మాత్రం నేను.

బాపు చదువంతా ఉర్దూలో సాగింది. నిజాం పోయినా, రాష్ట్రాలు మారినా ఆయన కలం కుడి నుంచి ఎడమకే నడిచేది. యాభైల చివరికి వచ్చేసరికి తాలూకా నుంచి కాగితాలు తెలుగులో దిగడం మొదలైంది. అదీ మనుషులు మాట్లాడుకునే తెలుగు కాదు, చేయవలెను, చేయరాదు, శిక్షార్హులగుదురు అని కళ్లెర్రజేసే తెలుగు. నేను దేవరకొండలో చిన్నమ్మ ఇంట్లో ఉండి ఏడో తరగతి దాకా చదివి వచ్చాను కాబట్టి ఆ కాగితాలు చదివి వినిపించడం, జవాబులు రాయడం నా మెడకు చుట్టుకుంది. ఊరి భూముల లెక్కలు రాసే మా పట్వారీకి తెలుగు బ్రహ్మాండంగా వచ్చు. కానీ ఆయనకూ బాపుకూ పడదు. ఎందుకు చెడిందో ఇద్దరిలో ఎవరికీ గుర్తులేదు, అయినా ఇద్దరూ పట్టుదలగా మాట్లాడుకోకుండా ఉండేవాళ్లు.

బాపుకు తెలుగు చదవడం రాకపోయినా చెవిన పడ్డ నియమం ఒక్కటీ జారిపోయేది కాదు. మూడేళ్ల కింద ఒక్కసారి విన్న కాగితం గురించి కూడా, "నాలుగోదాంట్ల గిట్లున్నది గద బిడ్డా," అనేవాడు. దస్తరం విప్పి చూస్తే నాలుగోదాంట్లోనే ఉండేది. నాకు ఒళ్లు మండేది. అన్నీ ఆయనకే గుర్తుంటే ఇక నా చదువెందుకు?

ఇలా ఉండగా పక్క ఊళ్లో ఒక పెండ్లి ఊరేగింపులో తారాజువ్వ పోయి గడ్డివాము మీద పడింది. వాముతో పాటు నాలుగు కొట్టాలు కాలిపోయాయి. ఆ తరవాత మా ఊరికి పటాకుల కాగితం వచ్చింది. లైసెన్సు లేకుండా పటాకులు అమ్మకూడదు. అమ్మినా కిరసనాయిలు పక్కన పెట్టకూడదు. మనుషులు పండుకునే ఇంట్లో మూటలు మూటలు దాచకూడదు. తహసీల్దారు రాసిచ్చిన పర్మిషన్ లేకుండా ఊరేగింపుల్లో కాల్చకూడదు. ఇంకా ఏమేమో ఉన్నాయి. బాపు అవన్నీ ఒక్కొక్కటిగా డప్పు కొట్టించి చాటించాడు.

ఊళ్లో ఒకటే నవ్వులు. మా కిరాణా సేటు కిరసనాయిలు డబ్బా మీద కూర్చుని పటాకులు అమ్మేవాడు. రెండూ దూరంగా పెట్టమని బాపు గట్టిగా చెబితే, మర్నాడు పటాకుల పెట్టె మీద కూర్చుని కిరసనాయిలు అమ్మాడు. మధ్యలో తను అడ్డం ఉన్నాడు కదా, దూరమే కదా అన్నాడు. ఒక ముసలమ్మ మా వాకిట్లోకి వచ్చి, "సుట్ట ముట్టిచ్చుకోవాల్నన్నా పర్మిషన్ గావాల్నా పటేలా?" అని అడిగింది. బాపు ఎగతాళి అనుకోలేదు. "సూడు బిడ్డా, సుట్టల సంగతేమన్న ఉన్నదా గండ్ల," అని నాతో కాగితమంతా వెతికించాడు. లేదని చెబితే కొంచెం నిరాశపడ్డట్టే కనిపించాడు.

ఆ ఏడు ఊళ్లో రెండు పెండ్లిళ్లలో ఔట్లు, అదే మందు దట్టించిన పెద్ద పటాకులు, పేలకుండా ఆపాడు. అందులో ఒకటి సొంత తమ్ముడి వరసైనవాడి ఇంట్లో. ఆ ఇంటివాళ్లు మాతో పండక్కి కూడా మాట్లాడలేదు. మరుసటి ఎండాకాలం నా పెండ్లి కుదిరింది.

సంబంధం డిండి వాగవుతలి ఊరు. మాది నల్లగొండ జిల్లా, వాళ్లది మహబూబ్‌నగర్ జిల్లా. మా వైపు ఆచారం ఏమిటంటే, మగపెండ్లివారు ఊరి పొలిమేరకు వచ్చి ఆగుతారు. ఆడపెండ్లివారు డప్పులతో పోయి ఎదుర్కొంటారు. అక్కడ ఔట్లు పేలాలి. పేలితేనే పెండ్లికొడుకు ఊళ్లో కాలు పెడతాడు. చప్పుడు లేకుండా వస్తే దొంగతనంగా వచ్చినట్టు లెక్క. ఆ ఔట్ల కోసం వాళ్లు తమ వైపు నుంచి మందుగుండు కట్టే ముసలి సాయెబు ఒకాయనను వెంట తెచ్చుకుంటారని ముందే తెలుసు. బాపు కూడా ముందే కబురు పంపాడు, పర్మిషన్ తెచ్చుకోండని.

పదకొండు గంటలకు ముహూర్తం. పొద్దున ఎనిమిదింటికి నాకు పసుపు చీర కట్టి బాసికం కడుతుండగా కావలికారు రొప్పుతూ వచ్చాడు.

"పటేలా, ఔట్లు తెచ్చిండ్రు. రెండు సందూకలు!"

"కాయిదం తెచ్చిండ్రా?"

"తెచ్చిండ్రు. ముద్ర గుడ ఉన్నది."

బాపు రుమాలు చుట్టుకుని, కర్ర పట్టుకుని పొలిమేరకు పోయాడు. కాసేపటికి కావలికారు ఒక్కడే తిరిగి వచ్చి అమ్మకు జరిగింది చెప్పాడు. కాగితం నిజమైనదే, ముద్ర నిజమైనదే. కానీ ఇచ్చింది వాళ్ల తాలూకా తహసీల్దారు. వాగవుతల చెల్లుతుంది, ఇవతల చెల్లదని బాపు తేల్చేశాడట. పెండ్లికొడుకు మేనమామ, "వాగుల సుక్క నీళ్లు లెవ్వు పటేలా. యాడ దాటినమో మాకే తెల్వలే, కాయిదానికేం తెలుస్తది?" అన్నాడట. బాపు నవ్వలేదట. ఔట్లు పేలితేనే వస్తాం, లేకుంటే బండ్లు తిప్పుకుని పోతాం అని మేనమామ కూర్చున్నాడట.

అమ్మ ముంత కింద పెట్టి నెత్తి కొట్టుకుంది. "ఈయన చట్టం పాడుగాను! పిల్ల మెడల పుస్తె పడాల్నా వద్దా?" పెండ్లికొడుకును చూసింది లేదు, వాడి మీద ప్రేమా లేదు, దోమా లేదు. కానీ పొలిమేర దాకా వచ్చి బండ్లు మళ్లిపోయిన పిల్లను మళ్లీ ఎవరు అడుగుతారు? పదేళ్లయినా ఆ మాట వెంటబడుతుంది. బాసికం కట్టుకుని, ఒళ్లంతా పసుపుతో, నేను బాపును మనసులో తిట్టని తిట్టు తిట్టాను.

ఇంతలో వాకిట్లో అలికిడయింది. ఏ కాగితంలో ఉందో చూపించమని మేనమామ పట్టుబట్టి, ఇంకో ముగ్గురు పెద్దమనుషులతో మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. సాయెబు వాకిలి గోడ పక్కన గొంతుక్కూర్చున్నాడు. పెండ్లికొడుకు మాత్రం పొలిమేర దగ్గర ఎండలో బండి మీదే ఉన్నాడు. బాపు దస్తరం విప్పించి నన్ను పిలిచాడు. బడి పంతులు ఎండాకాలం సెలవులకు పోయాడు, పట్వారీని పిలిచే ముచ్చటే లేదు, ఇక చదవడానికి పెండ్లికూతురు తప్ప ఎవరూ మిగల్లేదు.

పెండ్లికూతురు తలవంచుకుని ఉండాలంటారు. కాగితం చదవాలి కాబట్టి నేను తలవంచుకునే ఉన్నాను. ఆ మర్యాద ఒక్కటి తప్పలేదు. మొదటిది చదివాను, అమ్మడం గురించి. రెండోది కిరసనాయిలు గురించి. మూడోది ఇంట్లో దాచడం గురించి. నాలుగోది ఊరేగింపుల్లో కాల్చడం గురించి. తహసీల్దారు పర్మిషన్ ఆయన తాలూకా హద్దులోనే చెల్లుతుందని అందులో స్పష్టంగా ఉంది. మేనమామ మొహం మాడ్చుకున్నాడు.

"ఇన్నరు గద," అన్నాడు బాపు. "చాలు బిడ్డా. ఇగ లోపలికి పో."

నాకో పాడు అలవాటుంది. మొదలుపెట్టిన కాగితం కింద సంతకం దాకా చదవకపోతే గొంతులో ముల్లున్నట్టుంటుంది. ఐదోది కూడా చదివేశాను. పర్మిషన్ లేని మందుగుండు దొరికితే పటేల్ దాన్ని స్వాధీనం చేసుకోవాలి. అదే రోజు, ఇళ్లకు దూరంగా బయలు జాగాలో, ఇద్దరు పంచుల, అంటే సాక్షుల, ఎదుట, పని తెలిసిన మనిషితో నాశనం చేయించాలి. పంచనామా రాసి తాలూకాకు పంపాలి.

మేనమామ ముందుకు జరిగి అడిగాడు. "నాశనమంటే ఎట్ల జేస్తరు?"

గోడ పక్క నుంచి సాయెబు అందుకున్నాడు. "కాల్చుడే సాబ్. ఇంకో తీరు లేదు. నీళ్లల్ల ఏస్తే ఆరినంక మల్ల పనిజేస్తది."

మేనమామ మీసాల కింద నవ్వు పాకింది. మిగతా ముగ్గురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. లోపల్నించి అమ్మ దేవుళ్లందరికీ దండాలు పెట్టింది. బాపు మాత్రం సంతోషపడాల్సింది పోయి నా వైపే చూస్తూ ఉండిపోయాడు. పొమ్మన్నాక కూడా నలుగురిలో నోరు విప్పానని కోపమొచ్చిందనుకున్నాను. కోపమొస్తే రానీ, నా పెండ్లి నాకు కావాలి అనుకున్నాను.

"పంచులెవలు?" అన్నాడు చివరికి, అలిసిపోయిన గొంతుతో.

మేనమామ ఒక పంచు. సంతకం పెట్టగలిగే రెండోవాడు ఊళ్లో పట్వారీయే. కావలికారు పోయి పిలుచుకొచ్చాడు. పట్వారీ, బాపు ఎన్నో ఏళ్లకు మాట్లాడుకున్న మొదటి మాట, "ఎన్ని సందూకలు?" "రెండు." అంతే, మళ్లీ ఎవరి దిక్కు వాళ్లు చూసుకున్నారు.

ఊరవతల, పొలిమేర పక్కనే నల్లబండ ఒకటుంది, చుట్టూ గడ్డిపోచ మొలవదు. ఆ రెండు పెట్టెలూ అక్కడికి మోసుకుపోయారు. నాశనం చూడ్డానికి ఊరు ఊరంతా కదిలింది. పాలిచ్చే తల్లులు కూడా పిల్లల చెవుల్లో దూది పెట్టి, చంకనేసుకుని పోయారు. నేను అమ్మ తిడుతున్నా వినకుండా మిద్దెక్కి చూశాను. సాయెబు బండ మీద ఔట్లన్నీ వరసగా పేర్చాడు. "నలబై ఏండ్ల సంది కాలుస్తున్న పటేల్‌సాబ్, నాశనం జేసుడు గిదే మొదలు. ఫికర్ జెయ్యకుండ్రి, జర మంచిగ జేస్త," అన్నాడని తరవాత కావలికారు పదిమందికి చెప్పాడు.

నిజంగానే మంచిగా చేశాడు. ఒక్కో ఔటుకు మా మిద్దె అదిరింది. ఊరి కుక్కలన్నీ వాగు వైపు పరుగు తీశాయి. పట్టపగలు తారాజువ్వలు వదిలితే పొగ తప్ప ఏమీ కనిపించలేదు, అయినా జనం ఆహా అన్నారు. బాపు కర్ర పట్టుకుని పక్కనే నిలబడి, ప్రతి చప్పుడుకూ "ఒకటి నాశనం, రెండు నాశనం" అని లెక్క చెబుతున్నాడు. ఒక ఔటు తుస్సుమంది. అది నాశనం కాలేదు కాబట్టి ఆయన ముందుకు పోనివ్వలేదు. సాయెబు మళ్లీ ఒత్తి పెట్టాడు, అది పేలేదాకా పెండ్లంతా ఎదురుచూసింది. ఇక పెండ్లికొడుకు బండి దిగి డప్పుల మధ్య ఊళ్లోకి నడిచాడు. పొడుగ్గా ఉన్నాడు. ఎండకు మొహం కందిపోయి ఉంది. పాపం అనిపించింది.

పదకొండు దాటకముందే పుస్తె పడింది. భోజనాలకు లేవకముందే బాపు కాగితం, కలం తెచ్చి నా ముందు పెట్టాడు. అదే రోజు రాయాలి కదా. తల నిండా తలంబ్రాల బియ్యంతో, పెండ్లిపీట మీదే పంచనామా మొదలుపెట్టాను. తల వంచినప్పుడల్లా గింజలు కాగితం మీద రాలుతున్నాయి. పక్కనున్న మనిషి ఓరగా తొంగి చూసి మెల్లగా అడిగాడు.

"ఏం రాస్తున్నవ్?"

"మీ ఔట్ల మీద కేసు," అన్నాను.

మా ఇద్దరి మధ్య మొదటి మాటలు అవే. ఆయన నవ్వు ఆపుకోలేక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఫరవాలేదు, బతకొచ్చు అనుకున్నాను. మేనమామ, పట్వారీ సంతకాలు చేశారు. బాపు కింద ఉర్దూలో చేశాడు. ఆ కాగితాన్ని ఇసుక చల్లి ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, జేబును రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. తరవాత వడ్డన దగ్గరికి పోకుండా పెరట్లోకి పోయాడు. భోజనాల హడావుడిలో నేను అది పట్టించుకోలేదు.

మధ్యాహ్నం తిరిగాక అప్పగింతలు. ఆడవాళ్లంతా ఏడుస్తున్నారు. అమ్మయితే పొద్దున్నుంచి దాచుకున్న ఏడుపంతా ఒక్కసారే ఏడ్చింది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. గండం గడిచిందన్న సంతోషమే ఇంకా ఒంట్లో ఉంది. బాపు వచ్చి నా చేతిని మా అత్త చేతిలో పెట్టాల్సిన చోట పెట్టకుండా, తన చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. అందరూ చూస్తున్నారు. ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"బిడ్డా, గా ఐదోది నాకు యాదికే ఉండె."

నాకు వెంటనే అర్థం కాలేదు. చాలు, లోపలికి పో అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది.

"మరి చెప్పలేదేంది బాపూ?"

"చెప్పకుంటే బండ్లు మర్లిపోతుండె. నువ్వింటికాడనే ఉంటుంటివి."

నా పెండ్లి చెడిపోతుంటే చూస్తూ కూర్చున్న మనిషి. పొద్దున్నుంచి నేను పడ్డ భయమంతా తెలిసి కూర్చున్న మనిషి. నాకు చెప్పలేనంత కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఆయన మెడ గట్టిగా పట్టుకున్నాను, అప్పుడొచ్చింది ఏడుపు.

"నీ మీద రాయాలె బాపూ కేసు," అన్నాను.

"రాసెటోళ్లెవలున్నరు బిడ్డా ఇగ," అన్నాడు.