బసవపున్నయ్య కట్టిన ముడి

సినిమాల్లో కథానాయకుడు మేడమీంచి దూకాల్సి వచ్చినప్పుడు, అతని బదులు దూకే అభాగ్యుడి నడుముకు తాడు కట్టడం బసవపున్నయ్య నిర్వహించే మహత్కార్యం. తెనాలి వైపు నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో ఒంటిగది అద్దెకు తీసుకుని, పదకొండేళ్ళుగా ఫైట్ మాస్టర్ దగ్గర ఇదే కొలువు. అతను కట్టిన ముడి ఒక్కసారీ జారలేదు. దూకేవాళ్ళు తాడు లాగి చూసుకునేవారు కాదు. బసవపున్నయ్య మొహం చూసి దూకేసేవారు.

ఇంతటి జాగ్రత్తపరుడు ఇంటికి చేరగానే మామూలు గృహస్థు అయిపోయేవాడు. 1988లో ఒక పాత స్కూటర్ కొన్నాడు. ముందు ఆరేళ్ళ సత్యలక్ష్మి నిలబడి, వెనక భార్య పుష్పవల్లి పక్కకు తిరిగి కూర్చుని, ఆమె ఒళ్ళో చంటివాడు, హ్యాండిల్‌కు కూరల సంచీ. సంసారం సాంతం జూబ్లీహిల్స్ ఎక్కి దిగేది. హెల్మెట్ ఆ ఇంట్లో లేదు. ఉన్నా, నలుగురిలో ఎవరి నెత్తిన పెట్టాలో ఏ ధర్మశాస్త్రమూ చెప్పలేదు.

చిక్కల్లా సత్యలక్ష్మి నిద్రతో వచ్చింది. బడి కొండమీద. పొద్దున్న తండ్రీకూతుళ్ళు బయల్దేరిన రెండు నిమిషాలకే ఆ పిల్ల నిలబడే కునుకు తీసేది. ఒకరోజు మోకాళ్ళు మడతపడి రోడ్డువైపు ఒరిగితే, మోచేత్తో అడ్డుకున్నాడు.

"పోరి నిలవడి నిద్రపోతున్నదన్నా, జర చూస్కో" అన్నాడు ఎదురింటి ఆటో బాలనర్సయ్య, తన ఆటోలో పదకొండుమంది బడిపిల్లల్ని సర్దుతూ. పదకొండో పిల్ల కాలు ఇంకా బయటే ఉంది.

మర్నాడు బసవపున్నయ్య తన విద్యనంతా ప్రయోగించాడు. కూతురి చంకల కిందుగా తాడు తిప్పి తన నడుముకు కట్టుకున్నాడు.

"ఏంటండీ, దూడని కట్టినట్టు?" అంది పుష్పవల్లి.

"నీకు తెలీదూరుకో. ఏనుగు లాగినా ఊడదిది."

"ఊడాల్సొస్తేనో?"

అతను నవ్వాడు. షూటింగులో తాడు కట్టిన మనిషి పక్కన కత్తి పట్టుకుని ఇంకో మనిషి ఉంటాడు, అవసరమైతే తెంచడానికి. ఈ సంగతి అతనికి తెలిసినంతగా ఫిలింనగర్‌లో ఎవరికీ తెలీదు. స్కూటర్ మీద ఆ మనిషికి చోటు లేదు.

తొమ్మిది రోజులు దివ్యంగా గడిచాయి. పదో రోజు, మలుపులో నీళ్ళ ట్యాంకర్ ఒలికించిన తడిమీద చక్రం జారింది. విడిగా ఉంటే పిల్ల ఎక్కడ పడేదో ఎవరూ చెప్పలేరు. కట్టి ఉంది గనక తండ్రి కిందే పడింది. బండి ఈడ్చినంత దూరమూ ఇద్దరూ కలిసే వెళ్ళారు.

"నాన్నా, లే. నాన్నా, బరువు."

లేవబోతే పిల్ల కూడా లేస్తోంది, కేక పెడుతోంది. ముడి విప్పబోతే వేళ్ళు ఆడలేదు. కొబ్బరిబోండాల మనిషి కత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చి తెంచాడు.

సత్యలక్ష్మి చెయ్యి రెండుచోట్ల విరిగింది. ఆస్పత్రిలో పుష్పవల్లి తెగిన తాడును చుట్టచుట్టి కూరల సంచీలో పెట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఆరు వారాలకు పిండికట్టు తీశారు. బడికి పంపాలి. బసవపున్నయ్య వెళ్ళి, పిల్లను ఎక్కించుకోమనీ, అయితే మొత్తం అయిదుగురినే తీసుకెళ్ళమనీ బాలనర్సయ్యను బతిమాలాడు.

"మిగిలినోళ్ళు ఎట్ల పోవాలన్నా? నీ స్కూటర్ మీద తోల్కపోతవా?"

బాలనర్సయ్య వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు.

మర్నాడు బసవపున్నయ్య గంట ముందే బయల్దేరి కూతుర్ని నడిపించాడు. బంగళాల గోడలు రోడ్డుదాకా వచ్చేశాయి. నడిచేవాళ్ళుంటారన్న అనుమానం ఆ కొండమీద ఎవరికీ కలిగినట్టు లేదు. లారీ వచ్చినప్పుడల్లా పిల్లను గోడకు ఆనించి తను అడ్డంగా నిలబడ్డాడు. సగం దూరం వెళ్ళేసరికి బడిగంట వినిపించింది.

"రేపు కూడా నడవాలా నాన్నా?"

రేపు ఏడింటికల్లా అతను షూటింగులో ఉండాలి. చంటివాణ్ణి చంకనేసుకుని పుష్పవల్లి ఈ గోడల వెంట ఎలా నడుస్తుందో ఊహించబోయి మానుకున్నాడు.

"ముందు ఇవాళ చేరదాం పదమ్మా" అన్నాడు. వెనక మళ్ళీ హారన్ మోగింది.