అంజుమ్ చూసే అంకెలు

భద్రాచలంలోని ఒక చిన్న ఆసుపత్రిలో సర్వరును కనిపెట్టుకొని ఉండే అంజుమ్‌కు కుదురుగా కూర్చోవడం చేతకాదు. దాని ప్రాసెసర్ వేగాన్నీ వేడినీ ఆపరేటింగ్ సిస్టమ్ చిన్న చిన్న ఫైళ్లలో అంకెలుగా చూపుతుంది. దుపట్టా కొసను వేలికి చుట్టుతూ, విప్పుతూ ఆమె వాటినే మాటిమాటికీ తెరుస్తుంది. ఆ ఉదయం వేగం సగానికి పడిపోయింది. రక్తపరీక్షల ఫలితాలు తెరమీదికి రావడం లేదు. “పిల్ల ఒళ్లు కాలిపోతాంది మేడం, ఏం జరమో జల్దీ చెప్పున్రి,” అని కిటికీ దగ్గర పిల్ల తల్లి భీమక్క మొత్తుకుంటోంది. అంజుమ్ సెట్టింగు మార్చి పూర్తి వేగం కోరింది. వేడి మితిమీరితే తనంతట తానే నెమ్మదించే ప్రాసెసర్ మరుక్షణమే మళ్లీ వేగం తగ్గించుకుంది. వేడి ఎంతో చెప్పే ఫైలు ఉంది గాని, ఎందుకో చెప్పేది లేదు.

విసిగి లేచేసరికి తీయని మత్తు వాసన సోకింది. సర్వరు వెనుక, వేడిగాలి వెలువడే జాలీకి అడ్డంగా ఆనించి ఇప్పపూల మూట! “గోపాలూ, ఏంది గిది?” అటెండరు తల గోక్కున్నాడు. “మిద్దె మీద ఆరబోస్తే కోతులు బతకనిస్తలేవు మేడం. ఈడ గాలి వెచ్చగ వస్తాందని పెట్టిన.” మూట తీసిన కాసేపటికి వేగం పుంజుకుంది. మలేరియా అని కాగితం వచ్చింది; నర్సు మందు తీసుకొని భీమక్క బిడ్డ దగ్గరకు పరుగెత్తింది. అంజుమ్ మాత్రం కూర్చోలేదు. ఒక చేత్తో అవే అంకెలను మళ్లీ తెరుస్తూ, రెండవ చేతిని జాలీ వెనుక గాలికి చాపి నిలబడింది.